కింది గదిలో ముఖ్య అతిథి

ఆ రోజు పొద్దున లిఫ్టు మెకానిక్కు వేసుకున్న పథకంలో తప్పు పట్టాల్సిందేమీ లేదు. ఎనిమిదింటికి స్నానం, తొమ్మిదింటికి ఇస్త్రీ చొక్కా, పదింటికి కూతురి బడి, పదిన్నరకి ఉపన్యాసం, పదకొండు దాటగానే మళ్లీ పనిలోకి. ఈ మధ్యలో ఎక్కడా కంటతడి పెట్టకూడదు. ఈ చివరి నియమం మాత్రం అతను పెట్టుకున్నది కాదు. పన్నెండేళ్ల కూతురు బడికి బయల్దేరుతూ, గుమ్మం దగ్గర బూట్ల తాళ్లు కట్టుకుంటూ పెట్టిన షరతు.

"పదే నిమిషాలు నాన్నా. లిఫ్టుల గురించి వద్దు. ముఖ్యంగా ఏడవొద్దు," అంది తలెత్తకుండానే.

ఏడవనని మాటిచ్చాడు. ఇచ్చాడే గానీ తన మీద తనకే నమ్మకం లేదు. ఆ పిల్లకి మొదటి పన్ను ఊడినప్పుడు ఏడ్చిన మనిషి అతను. సైకిలు తొక్కడం నేర్చుకున్న రోజున ఏడ్చాడు, ఆ సైకిలు పొట్టిదైపోయి పక్కింటి వాళ్లకి ఇచ్చేసిన రోజునా ఏడ్చాడు. పక్కింటి పిల్లవాడు దాని మీద వెళ్తూ కనిపిస్తే ఇప్పటికీ కిటికీ దగ్గర్నుంచి లేచి వెళ్లిపోతాడు.

సంగతేమిటంటే, ఆ పిల్ల చదివే మాంటిస్సోరి బడిలో ఆరో తరగతితో చదువు అయిపోతుంది. ఆ తర్వాత పిల్లలంతా తలో పెద్ద బడికీ చెదిరిపోతారు. అలా వెళ్లేవాళ్లకి చివరి రోజున ఒక పాత విద్యార్థి వచ్చి నాలుగు మంచి మాటలు చెప్పడం అక్కడి ఆనవాయితీ. ఒక ఏడు విమానం నడిపే ఆవిడ వచ్చింది. ఇంకో ఏడు గుండె ఆపరేషన్లు చేసే డాక్టరు వచ్చాడు. ఈ ఏడు రావలసిన కళ్ల డాక్టరమ్మకి ఆఖరి నిమిషంలో ప్రయాణం పడింది. దాంతో పెద్ద టీచరమ్మ చూపు, కూతురు మరిచిపోయిన గొడుగు ఇవ్వడానికి గేటు దాకా వచ్చిన మెకానిక్కు మీద పడింది. ఆవిడ ముప్పై ఏళ్ల కిందట అతనికీ టీచరమ్మే. తనలాంటివాడు ఏం సలహాలిస్తాడని అతను నీళ్లు నమిలాడు. పాత విద్యార్థి కావడానికి అర్హత ఒక్కటే, ఇక్కణ్నుంచి వెళ్లిపోయి ఉండటం, అని ఆవిడ తేల్చేసింది.

అతను ఒప్పుకున్నది మాత్రం ఆ అర్హత చూసుకుని కాదు. రెండు వారాలుగా కూతురు అదోలా ఉంటోంది. కొత్త బడి నుంచి వచ్చిన కాగితాల కవరు బల్ల మీద పడేసింది పడేసినట్టే ఉంది, విప్పి చూడలేదు. స్నానాలగదిలోకి వెళ్లి, కుళాయి తిప్పి, ఎంతకీ బయటికి రాదు. వచ్చాక కళ్లెర్రగా ఉంటాయి. అడిగితే సబ్బు పడిందంటుంది. ఆ పిల్లకి భయంగా ఉందని తండ్రికి తెలుసు. తండ్రికి తెలుసన్న సంగతి ఆ పిల్లకి తెలియదు. అంతస్తుల మధ్య లిఫ్టులో ఇరుక్కున్నవాళ్లతో తలుపు సందులోంచి మాట్లాడుతూ, వాళ్లు బయటపడేదాకా ధైర్యం చెప్పడం అతనికి వారానికి రెండుసార్లయినా ఉండే పనే. స్నానాలగది తలుపు దగ్గరికి వచ్చేసరికి మాత్రం నోరు పెగలడం లేదు. అది అతన్ని లోలోపల తినేస్తోంది.

అందుకని ఉపన్యాసం రాశాడు. రెండు కాగితాల నిండా, నీలం ఇంకు పెన్నుతో, వరస నంబర్లు వేసి పద్నాలుగు సలహాలు. నిజానికి అతను చెప్పదలచుకున్నది పద్నాలుగోది ఒక్కటే. కొత్త చోట భయమేస్తే లోపల దాచుకోవద్దు, ఎవరో ఒకరికి చెప్పెయ్యండి అన్నది దాని సారాంశం. ఆ ఒక్కటే చెబితే అది ఎవరి కోసమో కూతురు ఇట్టే పట్టేస్తుంది. అందుకే దానికి ముందు పదమూడు సలహాలు అడ్డం పెట్టాడు. వాటిలో ఆరోగ్యం గురించి మూడున్నాయి, పెద్ద ఆఫీసర్లతో మెలగడం గురించి రెండున్నాయి.

మందుల షాపులో పనిచేసే భార్య ఆ కాగితాలు తిరగేసి, "ఇంత తిప్పలెందుకు? దాన్నే కూర్చోబెట్టి అడగొచ్చుగా," అంది.

"అడిగితే ఏం లేదంటుంది."

"పద్నాలుగు చెబితే ఉందంటుందా?"

అతను చొక్కా ఇస్త్రీ చేసుకోవడానికి లేచాడు. కూతురి మొహం కనిపిస్తే ఏడుపు ఆగదు కాబట్టి, ఉపన్యాసం పూర్తయ్యేదాకా కాగితం మీంచి తలెత్తకూడదని ఇంకో నిర్ణయం కూడా చేసుకున్నాడు. ముందురోజు వర్క్‌షాపులో ఒక ఖాళీ లిఫ్టు పెట్టె ముందు నిలబడి, తలొంచుకుని రెండుసార్లు చదివి చూశాడు. పదకొండు నిమిషాలు పట్టింది. తోటి మెకానిక్కులు చప్పట్లు కొట్టారు.

ఆ బడి పద్ధతుల గురించి ఇక్కడ కాస్త చెప్పుకోవాలి, లేకపోతే తర్వాత జరిగింది ఎవరూ నమ్మరు. అక్కడ పిల్లలు వరసగా కూర్చుని పాఠం వినరు. ఎవరికి నచ్చిన పని వాళ్లు అరలోంచి తీసుకుని, చాప పరుచుకుని చేసుకుంటారు. పనిలో ఉన్నవాణ్ని టీచరు కూడా కదపకూడదు. ఎవరితోనైనా మాట్లాడాల్సి వస్తే వాళ్ల పక్కకి వెళ్లి, భుజం మీద మెల్లగా చెయ్యి వేసి, నోరు మెదపకుండా నిలబడాలి. అవతలివాడు ఆ చేతి మీద తన చెయ్యి ఒక్కసారి ఉంచుతాడు. నువ్వొచ్చావని తెలిసింది, నా పని కాగానే చూస్తాను అని దానర్థం. తప్పు చేస్తున్నవాడికి అది తప్పని చెప్పడం కూడా మర్యాద కాదు, వాడే చూసుకుని వాడే దిద్దుకోవాలి. ఈ పద్ధతుల్లో పెరిగినవాళ్లు చాలా మంచివాళ్లవుతారు. ఒక్కోసారి ఆ మంచితనమే కొంప ముంచుతుంది.

పిల్లలు రాసిచ్చిన ఆహ్వానంలో 'పదిన్నరకి మా గదికి రండి' అని ఉంది. తల్లిదండ్రులు బయటి గుమ్మం దాటి లోపలికి రావడం ఆ బడిలో లేదు కాబట్టి, మెకానిక్కు ఆ నడవాలో అడుగుపెట్టి ముప్పై ఏళ్లయింది. అయినా పెద్దపిల్లల గది ఎక్కడో అతనికి ఒకరు చెప్పాలా? నడవా చివర, కుడిచేతివైపు, పొడుగు కిటికీల గది. ఆరేళ్లు అక్కడే చదివాడు. పెద్దపిల్లల గదిని మేడ మీదికి మార్చి తొమ్మిదేళ్లయిందనీ, ఆ కింది గదిలో ఇప్పుడు మూడేళ్ల నుంచి ఐదేళ్లలోపు పిల్లలు ఉంటున్నారనీ అతనికి తెలియదు. అడిగితే ఎవరైనా చెప్పేవారే. అడగడం దేనికని గుమ్మం దగ్గర బూట్లు విప్పి, మేడమెట్ల పక్కనుంచే తిన్నగా నడిచి వెళ్లిపోయాడు.

గదిలో బుల్లి బుల్లి పిల్లలు ఎవరి పనిలో వాళ్లున్నారు. ఒకడు కూజాలోంచి గ్లాసులోకి నీళ్లు వంపుతున్నాడు. ఒకతె బొత్తాలు పెడుతోంది, తీస్తోంది. వేర్వేరు వయసుల వాళ్లు కలిసి ఉండటం ఆ బడిలో మామూలే కాబట్టి, చిన్నవాళ్లు ముందొచ్చారు, పెద్దవాళ్లు వెనక వస్తారు అనుకున్నాడు. ఆ గది చూసుకునే చిన్న టీచరు ఉద్యోగంలో చేరి రెండో వారం. అప్పుడప్పుడూ ఎవరో ఒకరు వచ్చి, మూల కుర్చీలో అరగంట కూర్చుని, పిల్లలు పని చేసుకోవడం చూసి వెళ్తుంటారని ఆవిడకి చెప్పి ఉన్నారు. ఇతనూ అలా వచ్చినవాడే అనుకుని మూల కుర్చీ చూపించింది. అది జానెడు ఎత్తు కుర్చీ. మోకాళ్లు గడ్డానికి తగులుతుండగా అందులో ఒదిగి, కాగితాల్లో తల దూర్చి, పెదాలు కదుపుతూ వల్లె వేసుకోవడం మొదలుపెట్టాడు.

పదిన్నరకి పిల్లలంతా పాటల కోసం నేల మీద గుండ్రంగా చేరే వేళ. చాపలు చుడుతున్న చప్పుడు, అడుగుల చప్పుడు, ఆ తర్వాత నిశ్శబ్దం అతని చెవిన పడ్డాయి. పెద్దవాళ్లు వచ్చేసినట్టున్నారు. తలెత్తకుండానే లేచి, నాలుగడుగులు ముందుకు వేసి, నీళ్ల కూజా ఉన్న చిన్న బల్ల పక్కన నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"ప్రియమైన పిల్లలూ, ఇవాళ్టితో మీ జీవితంలో ఒక పెద్ద అధ్యాయం ముగిసిపోయింది," అన్నాడు.

మూడున్నరేళ్ల పిల్లవాడొకడు ఈ మాట విని పక్కవాడి వంక చూశాడు. పక్కవాడికి కూడా ఆ సంగతి అప్పుడే తెలిసినట్టుంది.

చిన్న టీచరు ఆపాల్సిందే. ఆపేదే. కానీ కుర్చీ కడుగుతున్న ఒక పిల్లకి సాయం చెయ్యబోయినందుకు ఆవిడకి కిందటి వారమే పెద్ద టీచరమ్మ దగ్గర చీవాట్లు పడ్డాయి. శ్రద్ధగా పని చేసుకుంటున్నవాళ్లని కదపొద్దు, చేసేది ఎంత వింతగా కనిపించినా సరే, అని పెద్దావిడ గట్టిగా చెప్పింది. చిన్న టీచరు ఈ మనిషి వంక చూసింది. చూపు కాగితం మీంచి కదలడం లేదు, నుదుటి మీద చెమట పట్టింది. ఇంత శ్రద్ధ ఆవిడ ఆ గదిలో ఏ పిల్లలోనూ చూడలేదు. నోట్‌బుక్ తీసి రాసుకోవడం మొదలుపెట్టింది.

కొత్త బడిలో గంట కొడితే పని ఎక్కడున్నా అక్కడ వదిలెయ్యాలని, దానికి దుఃఖపడకూడదని అతను చెప్పాడు. తప్పుల కింద ఎర్ర ఇంకుతో గీతలు గీస్తారని, వాటిని మనసులో పెట్టుకోవద్దని చెప్పాడు. మూడో సలహాకి వచ్చేసరికి ఎడమ మోకాలి మీద ఒక బుల్లి చెయ్యి పడింది. భుజం అందక ఎవరో మోకాలితో సరిపెట్టుకున్నారు. అలవాటుగా ఆ చేతి మీద తన చెయ్యి ఉంచి, చదవడం కొనసాగించాడు. ముప్పై ఏళ్ల తర్వాత కూడా ఆ పద్ధతి అలాగే ఉన్నందుకు గొంతు ఇంకాస్త పెంచాడు. నాలుగో సలహా దగ్గర కుడి మోకాలి మీద ఇంకో చెయ్యి పడింది. ఈ చెయ్యిగల పిల్లవాడు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుతున్నాడు. వాడికి అర్జెంటు పని ఉంది, అది సలహాల కోసం ఆగే రకం కాదు. ఐదో సలహా సగంలో వాడు వరస వదిలేసి బాత్రూము వైపు పరిగెత్తాడు.

ఇదే సమయంలో మేడ మీద గదిలో పదకొండు మంది పెద్దపిల్లలు ఖాళీ కుర్చీకేసి చూస్తూ కూర్చున్నారు. అతిథిని పరిచయం చెయ్యాల్సిన పని మెకానిక్కు కూతురిది. ఆ పిల్ల కుర్చీ పక్కన నిలబడి తలుపు వైపు, గడియారం వైపు చూస్తోంది. పెద్ద టీచరమ్మ ఒక పొడుగుపిల్లని కిందికి పంపించింది. ఆ పిల్ల గేటు దాకా వెళ్లి వస్తుంటే నడవా చివర్నుంచి మెకానిక్కు గొంతు వినిపించింది. లోపలికి వచ్చి చూస్తే ఆయన పనిలో ఉన్నాడు. చేసేదేముంది, పక్కకి వెళ్లి కుడి భుజం మీద చెయ్యి వేసి నిలబడింది.

అతను ఆ చేతి మీదా తన చెయ్యి ఉంచాడు. ఇది చిన్నపిల్ల చెయ్యి కాదని తెలుస్తూనే ఉంది. అంటే పెద్దపిల్లలు కూడా కదిలిపోయారన్నమాట. ఆరో సలహాని రెండుసార్లు చదివాడు.

పొడుగుపిల్ల తిరిగి రాలేదు కాబట్టి కళ్లజోడు కుర్రవాణ్ని పంపించారు. వాడొచ్చి ఎడమ భుజం మీద చెయ్యి వేశాడు. వాడూ తిరిగి రాలేదు కాబట్టి కవల అక్కచెల్లెళ్లని పంపించారు. రెండు భుజాలూ నిండిపోయి ఉండటంతో కవలల్లో పెద్దది పొడుగుపిల్ల భుజం మీద, చిన్నది పెద్దదాని భుజం మీద చేతులు వేసి నిలబడ్డారు. గుండ్రంగా కూర్చున్న బుల్లిపిల్లలు ఇదేదో కొత్త ఆట అనుకుని కన్నార్పకుండా చూస్తున్నారు. చిన్న టీచరు రెండో పేజీ తిప్పింది.

ఏడు, ఎనిమిది, తొమ్మిది. చేతులు పడేకొద్దీ మెకానిక్కుకి ఉత్సాహం పట్టపగ్గాల్లేకుండా పోయింది. కాగితంలో లేని ముక్కలు కూడా కలపసాగాడు. మీ పైఅధికారి ఇద్దరి ముందు మిమ్మల్ని కోప్పడితే ఎదురు చెప్పకుండా, మర్నాడు ఒక్కడే ఉన్నప్పుడు కలవమన్నాడు. నడుం నొప్పిని మొదట్లోనే చూపించుకోమన్నాడు. నలభై దాటాక మెట్లెక్కడం మంచిదన్నాడు. లిఫ్టు మెకానిక్కు నోట ఆ మాట రావడం పెద్ద త్యాగమే గానీ, అక్కడ అది గ్రహించే వయసు ఎవరికీ లేదు.

చివరికి పెద్ద టీచరమ్మే దిగి వచ్చింది. గుమ్మంలో ఆగి మొత్తం దృశ్యాన్ని చూసింది. ఆవిడ ఒక్క మాట అంటే అంతా అక్కడితో ఆగిపోయేది. కానీ భుజం మీద చెయ్యేసి ఆగాలన్న పద్ధతిని నలభై ఏళ్లుగా ఆ గోడల మధ్య నేర్పిన మనిషి, పాతికమంది పిల్లలు చూస్తుండగా తానే దాన్ని ఎలా తప్పుతుంది? నిట్టూర్చి, వెళ్లి, చిన్న కవల భుజం మీద చెయ్యి వేసి నిలబడింది. బాత్రూము నుంచి తిరిగొచ్చిన పిల్లవాడు తన చోటు పోయిందని చూసుకుని, పేచీ పెట్టకుండా ఆవిడ వెనక చేరి, ఆవిడ చీర కుచ్చెళ్ల అంచు పట్టుకున్నాడు.

పదో సలహా మొదలుపెడుతూ మెకానిక్కు చుట్టూ ఉన్నవాళ్లకి కాస్త చోటిద్దామని ఒక అడుగు వెనక్కి వేశాడు. నడుం చిన్న బల్లకి తగిలింది. కూజా ఒరిగింది. అది నిలబెడదామని చెయ్యి చాపాడు, కాగితాలున్న చెయ్యే చాపాడు. నీళ్లు కాగితాల మీద సగం, ప్యాంటు మీద సగం పడ్డాయి. కళ్లముందే నీలం ఇంకు కరిగి, పదకొండు నుంచి పద్నాలుగు దాకా ఉన్న సలహాలన్నీ ఒక్క మడుగైపోయాయి. పద్నాలుగోది పోయింది.

ఎవరూ కదల్లేదు. నీళ్లు ఒలకబోసినవాడే తుడవాలన్నది ఆ బడిలో మూడేళ్ల వాడికి కూడా తెలుసు. మెకానిక్కుకీ తెలుసు. తుడిచే గుడ్డ ఆ గదిలో ముప్పై ఏళ్ల కిందట ఏ కొక్కేనికి ఉండేదో, చూడకుండానే చెయ్యి అటు వెళ్లింది. ఇప్పుడూ అక్కడే ఉంది. మోకాళ్ల మీద కూర్చుని, అంచుల నుంచి మధ్యకి తుడుస్తూ, గుడ్డ పిండుతూ, మళ్లీ తుడుస్తూ వచ్చాడు. అలా కూర్చోవడంతో అతని మొహం పిల్లల మొహాల ఎత్తుకి వచ్చింది. అప్పుడు తలెత్తాడు.

ఎదురుగా ఇరవై మంది బుల్లిపిల్లలు. అందులో పెద్దవాడికి ముందు పళ్లు కూడా ఇంకా ఊడలేదు. కూతురు ఎక్కడా లేదు.

పని అయిపోయింది కాబట్టి వరసలో మొదటిదానికి మాట్లాడే హక్కు వచ్చింది. నాలుగేళ్ల పిల్ల, ఎంతసేపట్నుంచో ఓపిక పట్టింది.

"మీరు ఇందాకట్నుంచి నా ఆఫ్రికా మీద నిలబడ్డారు," అంది.

కిందికి చూసుకున్నాడు. ప్రపంచపటం చెక్కముక్కలు పరిచిన చాప, పక్కన ఆ పిల్ల పేరున్న అట్టముక్క. సగంలో ఉన్న పనిని అలా పేరు పెట్టి వదిలేస్తే దాన్ని ఎవరూ తాకకూడదు. ఆఫ్రికా నిజంగానే అతని మేజోడు కింద ఉంది. తీసి తుడిచి, రెండు చేతులతో అందించాడు.

"అంకుల్, మా గది మేడ మీద. మీకోసం చూస్తున్నాం," అంది పొడుగుపిల్ల. కళ్లజోడు కుర్రవాడు తానూ అదే చెబుదామని వచ్చానన్నాడు. కవలలు తాము కూడా అంతేనని తలలూపారు. పెద్ద టీచరమ్మ తన వంతు వచ్చేదాకా ఆగి, "నేనూ అందుకే వచ్చాను," అంది. చివర నిలబడ్డ పిల్లవాడు కాసేపు ఆలోచించి, తన పని అయిపోయిందని చెప్పి వెళ్లి కూర్చున్నాడు.

రోజూ ఊరందరినీ ఎవరి అంతస్తులో వాళ్లని దింపే మనిషి, తాను దిగాల్సిన అంతస్తు తప్పాడు. ఆ సంగతి బుర్రకెక్కడానికి అతనికి కాస్త సమయం పట్టింది.

"ఒక్కమాట చెప్పి ఉండొచ్చు కదండీ," అన్నాడు టీచరమ్మతో, ఏడుపు గొంతుతో.

"నువ్వు పనిలో ఉన్నావు," అంది ఆవిడ.

ముప్పై ఐదు నిమిషాలు గడిచిపోయాయని ఆవిడే చెప్పింది. అతనికి తల కొట్టేసినట్టయింది. కూతురు అందరి ముందూ ఖాళీ కుర్చీ పక్కన నిలబడి ఉంటుంది. భయంతో ఉన్న పిల్లకి ధైర్యం చెబుదామని వచ్చి, దానికి అవమానాన్ని కూడా జత చేశాడు. ఒక్క పని, ఒకే ఒక్క పని తండ్రిగా సరిగ్గా చేద్దామనుకుంటే ఇలా తగలడింది. మిగిలిన తడి గబగబా తుడిచి, గుడ్డ కొక్కేనికి తగిలించి, ప్యాంటు కాళ్లకి అతుక్కుపోతుంటే మెట్ల వైపు పరిగెత్తాడు. వెనక పొడుగుపిల్ల, కళ్లజోడు కుర్రవాడు, కవలలు, పెద్ద టీచరమ్మ.

పై గది తలుపు ఓరగా తెరిచి ఉంది. తొయ్యబోతూ ఆగిపోయాడు. లోపల మాట్లాడుతున్నది కూతురు.

"మా నాన్న వస్తారు. ఎక్కడో ఎవరో లిఫ్టులో ఇరుక్కుపోయి ఉంటారు, వాళ్లని వదిలి రాలేరు కదా. ఈలోపు ఎవరో ఒకళ్లు చెప్పాలి. పాత విద్యార్థే చెప్పాలని కదా రూలు. పొద్దున మనందరం వెళ్లిపోతున్నట్టు పుస్తకంలో సంతకాలు పెట్టేశాం. అంటే మనమూ పాతవాళ్లమే. అందుకని నేను చెప్తా."

తలుపు బయట ఆరుగురూ చెవులు రిక్కించారు.

"నా దగ్గర సలహాలేం లేవు," అంది ఆ పిల్ల. "కొత్త బడంటే నాకు భయంగా ఉంది. రోజూ కుళాయి తిప్పుకుని ఏడుస్తున్నా. ఇంట్లో తెలీదు. అంతే."

లోపల మిగిలింది ఇంకో ఆరుగురు. వాళ్లలో ఒక గొంతు, వాళ్లింట్లో కుళాయి చప్పుడు చాలదని షవరు తిప్పుకుంటానంది. ఇంకొకడు తాను ఏడవనని, కుక్కని పక్కన కూర్చోబెట్టుకుని దానికి చెప్తానని, అది మధ్యలో లేచి వెళ్లిపోతుందని చెప్పాడు. ఎవరో నవ్వారు. ఆ నవ్వు ఇంకొకరికి అంటుకుంది. ఇంకొక అమ్మాయి, తనకి అసలు భయం లేదని మొదలుపెట్టి, కొత్త బడిలో అన్నం తినే హాలు ఎంత పెద్దదో చెబుతూ చెబుతూ ఏడ్చేసింది. కూతురి గొంతు ఆ పిల్లని ఓదార్చడం వినిపించింది. మెకానిక్కు పక్కన నిలబడ్డ కళ్లజోడు కుర్రవాడు, తాను కూడా ఇక్కడ ఇరుక్కుపోకుండా లోపలుంటే బాగుండేదన్నట్టు తలుపు సందులోకి తొంగి చూశాడు. వాణ్నీ పొడుగుపిల్లనీ కవలల్నీ చప్పుడు చెయ్యకుండా లోపలికి పంపించారు.

తాను పదమూడు సలహాలు అడ్డం పెట్టి, వంకర దారిలో తెచ్చి చెబుదామనుకున్న మాట, ఆ పిల్ల ఎవరూ చెప్పకుండానే చేసి చూపిస్తోంది. తాను సమయానికి వచ్చి ఉంటే, నీలం ఇంకు కాగితం చదివి, చప్పట్లు కొట్టించుకుని వెళ్లిపోయేవాడు. పదకొండు మందీ మర్యాదగా విని, ఇళ్లకెళ్లి కుళాయిలు తిప్పుకునేవారు. ఈ సంగతి తట్టి అతను గోడకి ఆనుకున్నాడు.

"నువ్వూ వెళ్లు. కుర్చీ నీదే," అంది పెద్ద టీచరమ్మ మెల్లగా.

"వద్దండి," అన్నాడు అతను. "పనిలో ఉంది."

అప్పుడిక కళ్లు ఆగలేదు. గదిలో ఏడవనని మాటిచ్చాడు గానీ నడవా గురించి ఎవరూ ఏమీ అనలేదు.

పదకొండున్నర దాటాక తలుపు పూర్తిగా తెరుచుకుంది. బయటికి వచ్చిన కూతురు తండ్రిని పైనుంచి కిందిదాకా చూసింది. తడిసిన ప్యాంటు, నీలం వేళ్లు, ఎర్రబడ్డ కళ్లు. కళ్లలో సబ్బు పడిందేమోనని అడిగింది. అవునన్నాడు. అప్పటికే కవలలు ఆఫ్రికాతో సహా జరిగిందంతా గదిలో పూసగుచ్చినట్టు చెప్పేసి ఉండటంతో ఆ పిల్ల ఇంకేమీ అడగలేదు. పెదాలు బిగబట్టి నవ్వు ఆపుకుంటోందని మాత్రం తెలుస్తోంది.

అతను ఫోన్ చేసి ఆ రోజుకి పనికి రానని చెప్పాడు. ఇద్దరూ ఇంటిదాకా నడుద్దామనుకున్నారు. రెండు వీధులు దాటి ఎర్రదీపం దగ్గర ఆగినప్పుడు కూతురు అడిగింది.

"నువ్వు మా బడి నుంచి వెళ్లాక కొత్త బళ్లో మొదటిరోజు ఎలా ఉంది నాన్నా?"

ఆ రోజు గురించి అతను ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు. దాహమేస్తే అలవాటుగా లేచి నీళ్ల కుండ దగ్గరికి వెళ్లాడు. అక్కడ లేవడానికి కూడా అడగాలని తెలియదు. మాస్టారు అరిచాడు, అరవై మంది ఒక్కసారి నవ్వారు, మధ్యాహ్నందాకా గుమ్మం బయట నిలబెట్టారు. అంతా దాచకుండా చెప్పాడు.

"ఏడ్చావా?"

"ఏడ్చాను."

"తర్వాత?"

ఏదైనా మంచి ముక్క చెబుదామని వెతుక్కున్నాడు. దొరకలేదు.

"తర్వాతేముంది. మర్నాడు మళ్లీ వెళ్లాను," అన్నాడు.

పచ్చదీపం వెలిగింది. రోడ్డు అవతలికి వెళ్లేదాకా ఆ పిల్ల ఆ మాటనే మనసులో తిప్పుకుంటున్నట్టు నడిచింది. తర్వాత తన పుస్తకాల సంచీ తీసి తండ్రి భుజానికి తగిలించి, ఇంటికెళ్లగానే ఆ కాగితాల కవరు ఇద్దరం కలిసి విప్పుదామంది. సరేనన్నాడు. ఇంకో పది అడుగులు వేసింది.

"అయినా ఈ మాట చెప్పడానికి కాగితం ఎందుకు నాన్నా?" అంది.